ముప్పై ఆరు చెంచాలు

మధ్యాహ్నం మూడు గంటలు. వంటగదిలో ఇద్దరున్నారు: నయంకాని జబ్బులవాళ్లను ఇళ్లకు వెళ్లి చూసే నర్సు ఒకరు, రోగి కూతురు ఒకరు. పక్క గది తలుపు ఓరగా వేసి ఉంది.

"అది కాదు నేనడిగింది. నిన్న ఎన్నిసార్లు ఇచ్చావు?"

"పుస్తకంలో రాసే ఉంది కదా సిస్టర్."

"రాసింది చదివాను. నువ్వు చెప్పు."

"పగలు నాలుగుసార్లు, ఒక్కో చెంచా. పడుకోబోయే ముందు రెండు చెంచాలు. మొత్తం ఆరు. మీరు చెప్పినట్టే."

"మొన్న?"

"మొన్నా అంతే. రోజూ అంతే. సీసా మీద మీరు అంటించిన ప్లాస్టర్ గీతలు చూసుకోండి. ఎంత తగ్గాలో అంతే తగ్గింది."

"చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. అదే నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఏ ఇంట్లోనూ మార్ఫిన్ సీసా గీతకి సరిగ్గా తగ్గడం చూళ్లేదు. ఎవరో ఒకరి చెయ్యి వణుకుతుంది. ఎక్కడో ఓ చుక్క ఒలుకుతుంది."

"నేను కంపౌండర్ కూతుర్ని. మా ఇంట్లో మందు ఒలకదు."

"ఒలకదు. సరే. అంత కొలిచి పోస్తుంటే మరి ఆయన మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, దుప్పటి కొస నోట్లో కుక్కుకుని ఎందుకు పడుకున్నారు?"

"జబ్బు ముదిరిందేమో."

"ముదిరితే?"

"ముదిరితే నొప్పి పెరుగుతుంది కదా. మీరే అన్నారు."

"అన్నాను. నాకు కాఫీ వద్దు, ఆ గిన్నె దించు. ఇటు చూసి మాట్లాడు."

"పాలు పొంగుతాయి సిస్టర్."

"స్టవ్ ఆపితే పొంగవు. ఆపు. ఆఁ. ఇప్పుడు డాక్టరు గారికి ఫోన్ చేస్తాను, నువ్వు ఇక్కడే ఉండు. హలో, డాక్టరు గారూ, నేనే. కంపౌండర్ గారింటి నుంచి. పదికి ఎంత నొప్పి అంటే తొమ్మిది అంటున్నారు. లేదండీ, క్రమం తప్పకుండా ఇస్తున్నాననే అంటోంది కూతురు. రెట్టింపా? మొదటిది నేనే ఇచ్చి గంటసేపు కూర్చోనా? సరే. ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

"రెట్టింపు ఎందుకు?"

"ఇప్పుడిచ్చేది చాలడం లేదు కాబట్టి. చెంచా ఇలా ఇవ్వు."

"కాస్త ఆగి ఇద్దాం."

"ఎందుకు ఆగాలి?"

"ఇప్పుడే అన్నం తిన్నాడు."

"మూడు రోజులుగా మెతుకు ముట్టలేదని ఇందాక గుమ్మంలో నువ్వే చెప్పావు. చెంచా."

"రెట్టింపు వద్దు సిస్టర్. వద్దండీ. ఇక లేవడు."

"ఇన్నాళ్లూ తాగుతున్న మనిషయితే తట్టుకుంటాడు. తాగని మనిషికిస్తేనే ప్రమాదం. మీ నాన్న తాగుతున్న మనిషేనా?"

"సిస్టర్..."

"డాక్టరు గారూ, నేను మళ్లీ చేస్తాను. ఆఁ, ఐదు నిమిషాల్లో. ఇప్పుడు చెప్పమ్మా."

"ఏం చెప్పను?"

"నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను, తప్పయితే దిద్దు. మార్ఫిన్ తాగేవాళ్ల కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. ఇందాక టార్చి వేసి చూశాను. మిరియపు గింజంత ఉంది. ఒళ్లంతా చెమటలు, ఊరికే ఆవలింతలు. మందు ఉన్నట్టుండి మానేసిన ఒంటికి వస్తాయి అవి. ఇంకోటి. ఈ మందు తాగితే విరేచనం బిగుసుకుపోతుంది, అందుకే దానికి వేరే మందిస్తాం. నువ్వేమో పుస్తకంలో రోజుకి మూడుసార్లని రాశావు. అబద్ధం రాసేదానివి అది కూడా అబద్ధమే రాయాల్సింది."

"అది తోచలేదు."

"ఎప్పట్నుంచి?"

"పోయిన బుధవారం."

"నేను మంగళవారం వచ్చి వెళ్లాను. తెల్లారి నుంచే అన్నమాట. నిన్నటికి ఆరు రోజులు, రోజుకి ఆరు. ముప్పై ఆరు చెంచాలు. ఏం పోశావు ఆయన నోట్లో?"

"చక్కెర నీళ్లు. చేదు ఉండాలని జ్వరం బిళ్ల పొడి చేసి కలిపాను. నాన్న నాలుక అలాంటిది. ఉత్త తీపి అయితే పట్టేస్తాడు."

"ఆలోచన బాగుంది. అసలు మందు?"

"పై అరలో. నీలం మూత సీసాలో."

"దాచావా? దేనికి? నా కళ్లలోకి చూసి చెప్పు, దేనికి దాచావు?"

"మీరనుకుంటున్నట్టు నేను మింగడానికి కాదు. సింకులో పొయ్యబోతే చెయ్యి రాలేదు. మందు పారబొయ్యడం మా ఇంట్లో నేర్పలేదు."

"నొప్పితో మెలికలు తిరిగే మనిషికి పొయ్యకుండా ఉండటం నేర్పారా?"

"అనండి. ఎంతైనా అనండి."

"అంటాను. తొందరేం లేదు. ముందు ఆ స్టూలు మీద కూర్చో, పడిపోయేలా ఉన్నావు. నువ్వు తిని ఎన్నాళ్లయింది?"

"గుర్తు లేదు."

"ఇద్దరూ ఇద్దరే. ఎందుకు చేశావీ పని? సంతకం ఏమైనా కావాలా ఆయనది? తెలివిలో ఉండగా పెట్టించుకుందామనా? చూశాను అలాంటివి కూడా."

"సంతకమా? సంతకం పెట్టింది నేను సిస్టర్. అక్కడే వచ్చింది అంతా."

"అర్థమయ్యేట్టు చెప్పు."

"నాన్న నాతో మాట్లాడి మూడేళ్లయింది."

"అదేంటి? నేనొస్తే నోటికి తాళం వెయ్యడు. పోయిన వారం నా చెప్పులు చూసి, సిస్టరమ్మా వీటికి కూడా నా జబ్బే వచ్చినట్టుంది, ఇక కోత పెట్టి లాభం లేదు, అన్నాడు."

"మీతో మాట్లాడతాడు. పాలతనితో మాట్లాడతాడు. పై వాటాలో ఉండే ఆవిడ పిల్లిని పలకరిస్తాడు. నాతో మాత్రం గోడ ద్వారా."

"గోడ ద్వారానా?"

"'గోడా, మంచినీళ్లు' అంటాడు. 'గోడా, కిటికీ మూయమను' అంటాడు. నేను వెళ్లి మూస్తాను. గోడలకి చెవులుంటాయంటారు కదా. మా ఇంట్లో గోడకి చేతులు కూడా ఉన్నాయి."

"మూడేళ్ల కిందట ఏమైంది?"

"అమ్మకి ఊపిరి అందలేదు. అప్పటికే గుండె సగం కూడా పని చెయ్యడం లేదన్నారు. ఆస్పత్రిలో ఒకతను కాయితం తెచ్చాడు. గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టాలి, సంతకం పెట్టండి, త్వరగా, అన్నాడు. పెట్టాను. బతుకుతుందనుకున్నాను. పందొమ్మిది రోజులు సిస్టర్. గొట్టం పీకేసుకుంటోందని రెండు చేతులూ మంచానికి కట్టారు. మమ్మల్ని రోజుకి పది నిమిషాలు అద్దంలోంచి చూడనిచ్చేవాళ్లు. ఆ కట్టు ఊడదీయమని కళ్లతో అడిగేది. పోయినప్పుడు పక్కన ఎవరమూ లేము. ఫోన్ చేసి చెప్పారు."

"గొట్టం వెయ్యకపోయినా ఆయాసానికి మందుంటుందని, ఇంటికి తీసుకెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చని ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదు. అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు నాకు. మీరు మా గుమ్మం ఎక్కేదాకా తెలియదు. కాయితం ఇచ్చారు. పెన్ను ఇచ్చారు. కాదు, పెన్ను నాన్న ఇచ్చాడు."

"ఆయనేమన్నారు?"

"ఏమీ అన్లేదు. టీ తాగొస్తానని కిందికి వెళ్లాడు. అన్నీ అయిపోయి ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని, 'గోడా, లైటు వెయ్యమను' అన్నాడు. అదే మొదలు. తప్పు నాదే. నేను వద్దనాల్సింది."

"నువ్వు వద్దనాలంటే ముందు నీకు తెలియాలి. అంత పెద్ద కాయితం అచ్చువేయించుకోగలిగినవాళ్లకి, ఐదు నిమిషాలు కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడే తీరిక లేదు. నేరం వాళ్లు చేసి శిక్ష ఇళ్లకి పంచుతారు. సరే, అది నువ్వు చేసింది కాదు. ఇది నువ్వు చేసింది. దీని సంగతి చెప్పు."

"మీ మందు మొదలుపెట్టిన రోజు ఆయన నుదుటి మీద ముడతలు విచ్చుకున్నాయి. ఒళ్లు వదులైంది. ఎన్నో నెలల తర్వాత నోరు తెరుచుకుని గుర్రుపెట్టాడు. ఆ రోజు సంతోషించాను, మీతో అన్నాను కూడా. రెండో వారం కూడా నిద్రే. మూడో వారం భయమేసింది. డాక్టరు గారు ఉంటే వారం, మహా అయితే పది రోజులు అన్నారు. ఇలా నిద్రలోనే జారిపోతే? నావైపు ఒక్కసారి తిరక్కుండానే?"

"తిరిగి ఏమనాలి?"

"ఏదో ఒకటి. తిట్టినా చాలు. చిన్నప్పుడు సెలవులిస్తే తనతో పాటు ఆస్పత్రి మందుల గదికి తీసుకెళ్లేవాడు. సీసాలు కడిగి బోర్లించేదాన్ని. 'అసిస్టెంటూ' అని పిలిచేవాడు. ఇంట్లో కూడా అదే పేరు. అమ్మ కోప్పడేది, పిల్లకి పెట్టిన పేరు మర్చిపోతారు మీరు, అని. ఆ ఒక్క ముక్క వింటే చాలనుకున్నాను. మెలకువగా ఉంటే ఎప్పుడో అంటాడని..."

"అన్నాడా?"

"'గోడా, నొప్పి' అంటున్నాడు."

"విన్నావా, నువ్వు ఇప్పుడు అన్న మాట?"

"విన్నాను."

"ఆరు రోజులు అది వింటూ నువ్వు చక్కెర నీళ్లు కలిపావు. నిన్ను చెంపమీద కొట్టాలని ఉంది. కొట్టను, నాకు వయసొచ్చింది, నీ మొహంలో కొట్టడానికి చోటు కూడా లేదు. కానీ ఇది విను. నొప్పిని తాకట్టు పెట్టించుకుని ఎవరి దగ్గరా మాట కొనకూడదు. ఎంత ప్రేమయినా సరే. పగతో హింస పెట్టేవాళ్లని తక్కువ చూశాను అమ్మాయ్, ప్రేమతో పెట్టేవాళ్లనే రోజూ చూస్తున్నాను. నోరు మూసుకున్నా బలవంతంగా గంజి పోసేవాళ్లు. ఇంకో స్కాను, ఇంకో సూది, ఒక్కటంటే ఒక్కటి అనేవాళ్లు. అందరూ ప్రేమిస్తున్నవాళ్లే."

"ఇప్పుడు నన్నేం చేస్తారు?"

"నిన్నేం చెయ్యను. సీసా, చెంచా తీసుకెళ్తాను. మందు సరిగా ఇవ్వని చేతికి మళ్లీ మందు ఇవ్వం, అది మా నియమం. ఇవాళ్టినుంచి నేనో, మా జట్టులో ఇంకొకరో వచ్చి పోస్తాం. రాత్రికి కూడా."

"నేను పొయ్యకూడదా? మీ ఎదురుగా కూడా?"

"కూడదు. ఆయన పక్క మార్చు, పెదాలు తడుపు, పక్కన కూర్చో. చెంచా మాత్రం ముట్టుకోకు. ఆ నీలం మూత సీసా కూడా దించు. డాక్టరు గారూ, నేనే. లెక్క మారింది. ఆరు రోజులుగా లోపలికి మందు పోలేదు. ఎందుకో వచ్చాక చెబుతాను. రెట్టింపు వద్దు, పాత మోతాదులో సగంతో మొదలుపెడతాను. ఆఁ, పక్కనే కూర్చుని చూస్తాను. సరే. లే అమ్మాయ్. ఆయనకి ఇది చెప్పాలి. మందు పని చెయ్యక కాదు, అందక నొప్పి వచ్చిందని తెలియాలి ఆయనకి. లేకపోతే ఇప్పుడిచ్చేదాన్ని కూడా నమ్మడు."

"మీరే చెప్పండి. నేను గుమ్మంలో ఉంటాను."

పక్క గది. ఒక మంచం, ఒక కిటికీ, మంచాన్ని ఆనుకుని ఒక గోడ. నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుంది. కూతురు గడప దాటలేదు.

"కంపౌండర్ గారూ."

"సిస్టరమ్మా. మీ చెప్పులు ఇంకా బతికే ఉన్నాయా?"

"మీకంటే గట్టివి. ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకుండా వినండి. ఆరు రోజులుగా మీరు తాగింది..."

"చక్కెర నీళ్లు."

"ఏంటి?"

"అందులో జ్వరం బిళ్ల. బిళ్ల ఇంకాస్త మెత్తగా నూరాలి. అడుగున పలుకు తగిలేది."

"మీకు తెలుసా?"

"నలభై ఏళ్లు ఆస్పత్రిలో మందులు కలిపాను తల్లీ. మార్ఫిన్ చేదు నాలిక మొదట్లో కూర్చుంటుంది. ఇది కొసమీదే ఆగిపోయింది."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి చెంచాకే."

"శుక్రవారం నేను ఫోన్ చేశాను. మీరే మాట్లాడారు. ఎలా ఉందంటే రాజాలా ఉన్నానన్నారు."

"రాజులకి మాత్రం నొప్పులుండవా?"

"తమాషాలొద్దు. నాకు ఒళ్లు మండిపోతోంది. తెలిసి కూడా ముప్పై ఆరు చెంచాలు తాగారా?"

"నిన్నటికి ముప్పై ఎనిమిది. రెండుసార్లు మూలుగు ఎక్కువైతే అదనంగా ఇచ్చింది."

"ఇంటిల్లిపాదీ లెక్కల్లో గట్టివాళ్లే. నోరు తెరవండి."

"ఒక్క నిమిషం ఆగండి. ఇది లోపలికి పోతే నిద్రొస్తుంది. ముందొక మాట ఉంది."

"మాటకీ మందుకీ ముడిపెట్టడం ఈ ఇంట్లో ఇక చాలు. ముందు మందు. మాట చెప్పినా, చెప్పకపోయినా మందు. ఇది పని చెయ్యడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మాటకి అది చాలు. తెరవండి. ఊఁ. మింగండి."

"పళ్లకి కొట్టారు సిస్టరమ్మా చెంచా."

"పసిపిల్లాడిలా వంకలు పెట్టకండి. ఎలా ఉంది?"

"ఇదీ మందంటే."

"నాన్నా."

"గోడా, ఎవరో పిలుస్తున్నారు."

"నాన్నా, నేనే. నేను చేసింది తప్పే. అమ్మకి చేసిందీ తప్పే. నువ్వు నాతో ఏమీ అనక్కర్లేదు. నాకిక ఏమీ వద్దు. నొప్పి లేకుండా పడుకో, అంతే."

"గోడా, దానికి చెప్పు. ఆ కాయితం ముందు నా చేతికే ఇచ్చారని చెప్పు."

"ఏంటి నాన్నా?"

"అది మందుల షాపుకి పరిగెత్తినప్పుడు. నాకే ఇచ్చారు. గొట్టం వేస్తే ఏమవుతుందో దానికి తెలియదు. నాకు తెలుసు. నలభై ఏళ్లు ఆ మంచాల మధ్యే తిరిగాను. వద్దు, ఇంటికి తీసుకుపోతానని చెప్పడానికి నోరు రాలేదు గోడా. వెయ్యండి అనడానికీ రాలేదు. అది రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చింది. కాయితం తెచ్చినవాడికే తిరిగిచ్చి, పెన్ను దాని చేతిలో పెట్టి, టీ తాగొస్తానన్నాను."

"నాన్నా, ఊరుకో. ఆయాసపడుతున్నావు."

"టీ తాగలేదని చెప్పు. మెట్ల కింద నిలబడ్డాను. అది సంతకం పెట్టేదాకా. ఆ తర్వాత దాని మొహం ఎలా చూడను? నిన్నే చూస్తూ కూర్చున్నాను, మూడేళ్లు."

"కంపౌండర్ గారూ, గోడ విన్నది చాలు."

"అవును సిస్టరమ్మా. మంచి గోడ. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు."

"నువ్వు లోపలికి రా. గడప మీద ఎంతసేపు నిలబడతావు? నా కుర్చీలో కూర్చో. నేను కిటికీ దగ్గర ఉంటాను."

"నాన్నా, నాకొక్కటి చెప్పు. ఆ కాయితం సంగతి వదిలెయ్యి. నాకు కోపం లేదు, రాదు కూడా. ఈ ఆరు రోజుల సంగతి చెప్పు. దుప్పటి కొరుక్కున్నావు. నేను గిన్నెలో చక్కెర కలుపుతుంటే చెంచా చప్పుడు నీకు వినబడుతూనే ఉంటుంది. తెలిసి తెలిసి నోరు తెరిచావు. ఎందుకు? నన్ను శిక్షించడానికా?"

"గోడా..."

"గోడకి కాదు. ఇటు తిరుగు. నెమ్మదిగా, దిండు నేను పట్టుకుంటాను. ఆఁ. ఇప్పుడు చెప్పు. శుక్రవారం సిస్టర్ ఫోన్ చేసినప్పుడు ఒక్క ముక్క అంటే అరగంటలో పరిగెత్తుకొచ్చేవారు కదా. ఎందుకు అన్లేదు నాన్నా?"

"అంటే, ఆ చెంచా నీ చేతిలోంచి తీసేసుకుంటారు కదే, అసిస్టెంటూ."